పర్లాకిమిడి కళాశాల: రెండేండ్ల చదువు, దాని ఖర్చు

టెక్కలి, పలాస ప్రాంతములవారికి కళాశాల చదువనగా ఒకప్పుడు పర్లాకిమిడియే. అచ్చటి రాజావారి పాఠశాల 1896లో రెండవ తరగతి కళాశాల అయినది. అనగా మెట్రిక్యులేషను పిదప రెండేండ్ల ఎఫ్.ఏ. వరకే చదువు. గిడుగు రామమూర్తి పంతులుగారు బోధించినది అందే. 1900లో రాజావారే నౌపడానుండి టెక్కలి మీదుగా చిన్న రైలు వేయించిరి. ఆ రైలు తొలుత నష్టపడి, 1910 తరువాత కొంత లాభము చూపినది. కళాశాలకు అట్టి దినము రాదు.

కారణము సులభము. రెండేండ్ల కళాశాలలో ఏటేట సగముమంది వెడలిపోవుదురు. ఒక యేడు చేరువారు తగ్గినచో ఆ లోటు రెండేండ్లు ఫీజుల పద్దులో కనబడును. అధ్యాపకుల జీతములు, ప్రయోగశాల వ్యయము మాత్రము తగ్గవు. ఆ భారమును సంస్థానము మోసినది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినది. తరువాత జమీందారీలును పోయినవి.

1969లో మన రాష్ట్రమున జూనియర్ కళాశాలలు వెలసినవి. ప్రభుత్వ కళాశాలల భారము ఖజానాది. సహాయము పొందని ప్రైవేటు కళాశాలల భారము తల్లిదండ్రులది. గ్రంథాలయములకు 1960 చట్టము వలన ఇంటిపన్నుపై సెస్సు కలదు. కళాశాలలకు అట్టి ఊట లేదు.

ఉద్దానములో ఆ ఫీజు కొబ్బరి, జీడితోటల నుండి రావలయును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చినది. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు అయిదారేండ్లయినను పట్టును. ఆ యేడు పదవ తరగతిలోనున్న పిల్లవాని ఇంటర్మీడియట్ అంతకుముందే ముగియవలసియుండెను.