రాయి కొట్టిన తండ్రి

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. మాదాపూర్ చరిత్రను చాలామంది అక్కడినుండే మొదలుపెడతారు. అంతకు మునుపు అక్కడ సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు గుండ్లు, వాటిని కొట్టి బ్రతికే వడ్డెరలు ఉండేవారు.

నా శిష్యుడొకని తండ్రి అట్టివారే. ఇటీవలే కాలం చేశారు. రాతిపై వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు బిగించి, సమ్మెటతో ఒక్కొక్కదానినే కొట్టుకుంటూ పోయేవారు. రాయి పలికే ధ్వని మారితే చాలు, ఏ వైపు పగులునో చెప్పేవారు. ఆ విద్యను ఏ బడీ నేర్పదు.

యంత్రాలు వచ్చాక పని మానుకొన్నారు. దగ్గు మాత్రం ఆయనను మానలేదు. రాతిధూళి ఊపిరితిత్తులను గట్టిపరచే ఆ వ్యాధిని సిలికోసిస్ అంటారు. దానిని పూర్తిగా నయంచేసే మందు లేదు. కొడుకును మాత్రం ఆయన సమ్మెట ముట్టనీయలేదు. ఆ కొడుకు నేడు ఆ దారిలోనే ఒక కార్యాలయంలో ఉద్యోగి.

శిలలను కాపాడుటకు 1996లో నగరంలో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. సంతోషమే. మరి శిలలను కొట్టి ఊరు కట్టినవారి మాట? ప్రారంభించినవారి పేరు ఫలకంపై ఉంటుంది, ఫలకం చెక్కినవాని పేరు ఉండదు. మిత్రులారా, మీ ఊళ్లలో అట్టి తండ్రులుంటే వారి పనిముట్ల పేర్లైనా అడిగి వ్రాసి ఉంచండి.