క్రిస్మస్ కానుక: వాకిటి నుండి చెట్టు క్రిందికి

పండుగనాడు ఇచ్చే కానుకకు రూపమూ విలువా మాత్రమే కాదు, ఒక చోటూ ఒక వేళా కూడా ఉంటాయి. క్రిస్మస్ కానుకల ఆచారాన్ని దేశదేశాలలో పరిశీలించినచో ఈ సంగతి స్పష్టపడుతుంది. హాలండులో డిసెంబరు 5వ తేదీ సాయంకాలమే కానుకల వేళ. ఆ రోజులలో పిల్లలు తమ జోళ్లను నిప్పుగూటి చెంత ఉంచి నిద్రపోతారు. జర్మనీలో 24వ తేదీ చీకటి పడిన పిమ్మట దీపాలు వెలిగే చెట్టు క్రింద కానుకలు దర్శనమిస్తాయి. ఇంగ్లండులోను అమెరికాలోను 25వ తేదీ ఉదయం పిల్లలు మంచం దిగీ దిగకముందే మేజోళ్లను తడుముకుంటారు. స్పెయినులో ప్రధానంగా జనవరి 6వ తేదీయే కానుకల దినం. రష్యాలో నూతన సంవత్సరపు రాత్రికి ఆ గౌరవం దక్కినది.

పండుగ ఒక్కటే అయినప్పుడు వేళలు ఇన్ని ఎట్లా ఏర్పడినవి? కానుక ఒకచోట జోటిలో, ఒకచోట మేజోటిలో, ఒకచోట చెట్టు క్రింద ఎందుకు ఉండవలసి వచ్చినది? దీనికి సమాధానం ఒక్కటే. కానుకను ఇచ్చేవారెవరని చెప్పుకుంటారో, దానినిబట్టే దాని చోటూ వేళా నిర్ణయమైనవి. దాత మారినప్పుడెల్లా చోటు మారినది. చివరకు దానికి చుట్టిన రంగుకాగితం కూడా ఆ దాత కథలోనిదే.

ప్రాచీన కాలంలో దాత రహస్యవ్యక్తి కాడు. రోమను ప్రజలు జనవరి మొదటి దినాన ఒకరికొకరు శుభకానుకలు ఇచ్చుకునేవారు. అగస్టస్ చక్రవర్తి ప్రజలు తెచ్చిన ఆ కానుకలను స్వీకరించి, ఆ ధనంతో దేవతావిగ్రహాలు కొని ప్రతిష్ఠింపజేశాడు. అతని అనంతరం వచ్చిన టైబీరియస్‌కు ఈ బెడద గిట్టక, మొదటి తేదీ దాటిన తరువాత కానుకలు ఇచ్చిపుచ్చుకొనరాదని ఆజ్ఞాపించాడు. ఫ్రెంచివారు నేటికీ నూతన సంవత్సరపు కానుకకు వాడే మాట ఆ లాటిను పదం నుండి పుట్టినదే. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి కొలువులో ప్రభువులూ ఉద్యోగులూ జనవరి 1వ తేదీన రాణికి కానుకలు సమర్పించేవారు. ఎవరేమి ఇచ్చినదీ, బదులుగా రాణి ఎవరికి ఎంత తూకం గల పూతవెండి పాత్రను ప్రసాదించినదీ పొడవైన చర్మపత్రాలపై నమోదయ్యేది. అటువంటి కానుకకు ముసుగు అనవసరం. అది పదిమంది చూడవలసిన వస్తువు. ఇచ్చినవాని హోదాయే అందులోని సారాంశం.

సామాన్యుల లోకంలో కానుక స్థానం ఇంటి వాకిలి. పదిహేడవ శతాబ్దపు లండనులో పనివారూ, పని నేర్చుకునే కుర్రవాళ్లూ మట్టితో చేసిన డబ్బు ముంతలు పట్టుకొని, ఏడాది పొడుగునా తాము సేవచేసిన ఇళ్లవద్ద క్రిస్మస్ నాళ్లలో చిల్లర అడిగేవారు. ముంత నిండగా పగులగొట్టి పంచుకునేవారు. ఆ ముంతకు 'క్రిస్మస్ బాక్సు' అని పేరు. క్రిస్మస్ మరునాటికి 'బాక్సింగ్ డే' అన్న పేరు దీనినుండియే వచ్చినదని పలువురు చెబుతారు. ఆ దినం 1871లో ఇంగ్లండులో చట్టబద్ధమైన సెలవుదినమైనది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ కానుక ఇంట్లోని పిల్లలకు కాదు, వాకిట నిలిచిన వారికి. అది దానమూ కాదు, పూర్తిగా జీతమూ కాదు. ఏడాదికొకసారి గుర్తుచేయదగిన ఒక హక్కు.

పిల్లల కానుకకు మూలపురుషుడు వేరొకడు. నాలుగవ శతాబ్దంలో, నేటి టర్కీ దేశంలోని మైరా పట్టణంలో నికొలస్ అనే బిషప్పు ఉండేవాడు. కట్నమీయలేని ఒక తండ్రికి ముగ్గురు కుమార్తెలున్నారని తెలిసి, ఆయన రాత్రివేళ వారి కిటికీలోనుండి బంగారు మూటలను విసిరి వెళ్లాడని ఐతిహ్యం. ఆయన అస్థికలను 1087లో ఇటలీలోని బారీ నగరానికి తరలించిన పిదప ఆయన కీర్తి ఐరోపా అంతటా వ్యాపించినది. డిసెంబరు 6 ఆయన పండుగ. ఈ కథలోని కీలకం బంగారం కాదు, దాత కంటబడకపోవడం. పుచ్చుకున్నవారు తలవంచుకొనవలసిన అవసరం లేకుండా ఇచ్చిన కానుక అది. అందుచేతనే ఆయన పేర ఇచ్చే కానుకకు రాత్రి వేళ అయినది, గుమ్మం కాక కిటికీ, పొగగొట్టం దారులైనవి, జోడు పాత్ర అయినది. 1660ల నాటి డచ్చి చిత్రకారుడు యాన్ స్టేన్ ఈ పండుగను చిత్రించాడు. ఆ పటంలో ఒక చిన్నది బొమ్మను గుండెకు హత్తుకొని ఉంటుంది. జోటిలో బెత్తం దొరికిన అన్న కళ్లు తుడుచుకుంటూ ఉంటాడు. కానుకతోపాటు తీర్పు కూడా ఆ రాత్రియే వచ్చేదన్నమాట.

పదహారవ శతాబ్దంలో మతసంస్కరణోద్యమం చెలరేగినప్పుడు, పునీతుల పూజను నిరసించిన ప్రొటెస్టంటులకు ఈ బిషప్పు ఇబ్బంది అయినాడు. స్ట్రాస్‌బర్గు నగరంలో 1570లో నికొలస్ పేరిట జరిగే సంతను తొలగించి, బాలయేసు పేరిట సంతను నెలకొల్పారు. పిల్లలకు కానుకలు తెచ్చేవాడు నికొలస్ కాదు, బాలయేసు అని జర్మను ప్రొటెస్టంటు గృహాలలో చెప్పనారంభించారు. దాత మారగానే తేదీ కూడా మారినది. డిసెంబరు 6కు బదులు యేసు జన్మించిన రాత్రి కానుకల రాత్రి అయినది. అదే స్ట్రాస్‌బర్గులో 1605 నాటికి ఇళ్లలో ఫర్ చెట్లను నిలిపి, కాగితపు గులాబీలతో, ఆపిల్ పండ్లతో, చక్కెర మిఠాయిలతో అలంకరించేవారని ఒక యాత్రికుని వ్రాతవల్ల తెలుస్తున్నది.

జర్మను ఇళ్లలో కానుకలకు కాగితం చుట్టే పని అంతగా లేకపోయినది. పెద్దలు ఒక గదికి తాళం వేసి, లోపల చెట్టును అలంకరించి, దాని క్రింద బల్లపై ఎవరి కానుకలు వారికి పేర్చేవారు. వేళ కాగానే గంట మ్రోగేది, తలుపు తెరచుకునేది, దీపకాంతిలో సమస్తమూ ఒక్కసారిగా కనబడేది. కానుకను దాచినది కాగితం కాదు, గది తలుపు. 1798-99లో జర్మనీలో గడిపిన ఆంగ్లకవి కోల్‌రిడ్జి, రాట్సెబుర్గు పట్టణంలో తాను చూచిన పండుగను వర్ణించాడు. అక్కడ ముందుగా పిల్లలే ఒక గదిలోనికి తల్లిదండ్రులను రానీయక, చిన్న వత్తులు వెలిగించిన కొమ్మ క్రింద వారికొరకు తాము కూర్చిన కానుకలను వరుసగా పెట్టేవారట. మరునాడు తల్లిదండ్రులు పెద్దగదిలోని బల్లపై పిల్లల కానుకలను ఉంచేవారట. ఆ ముందునాటి సాయంకాలం ఇచ్చేవారు పిల్లలే.

ఈ జర్మను పద్ధతి రాజకుటుంబాలద్వారా ఇంగ్లండుకు చేరినది. జర్మనీలో పుట్టిన షార్లెట్ రాణి 1800లో విండ్సర్‌లో పిల్లల విందుకు ఒక చెట్టును అలంకరింపజేసినది. విక్టోరియా రాణి, అల్బర్టు దంపతుల కాలంలో డిసెంబరు 24 సాయంకాలం ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల, దానిపై వారి కానుకలు అమర్చడం ఆనవాయితీ. 1848లో ఒక లండను సచిత్ర వారపత్రిక ఆ కుటుంబం చెట్టు చుట్టూ నిలిచిన బొమ్మను ప్రచురించినది. 1850లో ఒక అమెరికను మహిళాపత్రిక అదే బొమ్మను పునర్ముద్రించినప్పుడు రాణి శిరోభూషణాన్ని, అల్బర్టు మీసాలను తొలగించినది. రాజకుటుంబం ఆ విధంగా సామాన్య అమెరికను కుటుంబంగా మారిపోయినది. చెట్టు ఇంటింటికీ ప్రవేశించడానికి ఆ చిన్న మార్పు ఎంతో తోడ్పడినది.

అయితే అమెరికాలో అప్పటికే ఇంకొక దాత సిద్ధమై ఉన్నాడు. ఆ దేశంలో క్రిస్మస్ చరిత్ర చిత్రమైనది. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ జరుపుకున్నవారికి అయిదు షిల్లింగుల జుల్మానా విధించారు. ఆ శాసనం 1681లో రద్దయినది. పంతొమ్మిదవ శతాబ్దారంభంలో న్యూయార్కు వీథులలో ఈ పండుగ రోజులంటే త్రాగుడు, గోల, ధనికుల తలుపులు తట్టి విందు కోరే గుంపులు. వాకిటి ఆచారమే అది. కాని పెరుగుతున్న నగరంలో తలుపు తట్టినవాడు ఇంటివారికి ముఖపరిచయం లేనివాడు. పనివాని హక్కు అపరిచితుని బెదిరింపుగా తోచింది. ఆ నగరపు పెద్దలలో ఒకరైన జాన్ పింటార్డు 1810లో నికొలస్ బొమ్మతో ఒక కరపత్రం అచ్చువేయించాడు. నిప్పుగూటికి వ్రేలాడే మేజోళ్లు అందులో ఉన్నవి. 1823 డిసెంబరు 23న ట్రాయ్ పట్టణపు పత్రికలో రచయిత పేరు లేకుండా ఒక పద్యం వెలువడినది. దానిని సాధారణంగా క్లెమెంట్ మూర్ వ్రాసినట్లు చెబుతారు. అందులో నికొలస్ డిసెంబరు 6వ తేదీని విడిచి, క్రిస్మస్ ముందటి రాత్రి పొగగొట్టంలోనుండి దిగి, మేజోళ్లు నింపి వెళ్లిపోతాడు.

ఈ కొత్త దాత ఎవరి తలుపూ తట్టడు. ఏమీ కోరడు. ఇంటివారు తలుపు గడియ వేసుకొని నిశ్చింతగా నిద్రించవచ్చును. వీథివైపు చాపిన చేయి ఇంట్లోని పిల్లలవైపు మళ్లినది. ఈ మార్పులో మాధుర్యం ఉన్నది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉన్నది.

ఇక కాగితం సంగతి. కానుకకు ముసుగు వేయడం కాగితపు వ్యాపారులు కనిపెట్టిన విద్య కాదు. స్వీడనులో పూర్వం దాత తలుపు తట్టి, పొరలుపొరలుగా చుట్టిన కానుకను లోపలికి విసిరి, గుర్తుపట్టకముందే పారిపోయేవాడు. అక్కడ క్రిస్మస్ కానుకకు వాడే మాటలో నేటికీ ఆ తట్టిన చప్పుడే ఉన్నది. ఆ పొరలు వస్తువును మాత్రమే గాక దాతనూ దాచేవి. అంగళ్లలో కొన్న వస్తువులు విరివి అయినకొద్దీ కాగితానికి వేరొక పని పడినది. ఇంట్లో కుట్టిన బొమ్మ, అల్లిన చేతితొడుగు తమంతట తామే కానుకలు. కొన్న వస్తువు మాత్రం దుకాణంలో సరుకు. దానికి ధర ఉన్నది, దానివంటివి మరి వంద ఉన్నవి. దుకాణదారు కట్టిన ముతక గోధుమరంగు పొట్లాన్ని విప్పి, ఇంటివారు తమ చేతులతో తెల్లని పలుచటి కాగితం చుట్టి, దారం కట్టి, పేరు వ్రాసినప్పుడు ఆ సరుకు కానుకగా మారేది. పైగా జర్మను గది తాళం అందరి ఇళ్లలో సాధ్యం కాదు. అందరూ తిరిగే గదిలో చెట్టు క్రింద ముందురోజుల నుండియే కానుకలు పెట్టవలసి వచ్చినప్పుడు, మూసిన తలుపు చేసిన పనిని కాగితమే చేయవలసి వచ్చినది.

రంగురంగుల అచ్చుకాగితం కథ 1917 నాటిది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల దుకాణంలో పండుగ ముందు పలుచటి కాగితం నిల్వలు అయిపోయినవి. కవర్ల లోపలి పొరకు ఫ్రాన్సు నుండి తెప్పించిన చిత్రవర్ణపు కాగితాన్ని వారు బల్లపై పేర్చి, ఒక్కొక్కటి పది సెంట్లకు అమ్మారు. అది వెంటనే చెల్లిపోయినది. 1919లో మూడు కాగితాలు ఇరవై అయిదు సెంట్లకు అమ్మారు. పిదప తామే అచ్చువేయసాగారు. 1930లో రిచర్డు డ్రూ పారదర్శకమైన అంటు టేపును రూపొందించడంతో దారం, లక్క అవసరం కూడా తగ్గినది.

రాజ్యశాసనం కూడా కానుక వేళను మార్చగలదు. స్కాట్లండు పార్లమెంటు 1640లో క్రిస్మస్ సెలవులను రద్దు చేసినది. అక్కడ ఆ దినం తిరిగి సాధారణ సెలవు అయినది 1958లోనే. నడుమ శతాబ్దాలలో కానుకలకు నూతన సంవత్సరాదియే ఆశ్రయమైనది. సోవియట్ యూనియనులో బహిష్కృతమైన చెట్టు 1935 డిసెంబరులో పావెల్ పోస్తిషెవ్ 'ప్రావ్దా' పత్రికలో వ్రాసిన లేఖ దరిమిలా నూతన సంవత్సరపు చెట్టుగా మరల ప్రత్యక్షమైనది; కానుకలు దాని క్రింద చేరినవి. దాతను, తేదీని మార్చవచ్చును గాని పిల్లల ఎదురుచూపును రద్దుచేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాలేదు.

ఈ చరిత్రలో కానుక వాకిటి నుండి బల్లమీదికి, బల్లనుండి చెట్టు క్రిందికి, బయలునుండి ముసుగులోనికి ప్రయాణించినది. ఇంటివారి మధ్య ప్రేమ దానివల్ల పెంపొందిన మాట నిజం. కాని వాకిట నిలిచేవాడు ఏమైనాడన్న ప్రశ్న మిగిలి ఉన్నది. 1843లో వెలువడిన డికెన్సు 'క్రిస్మస్ కేరల్' ఆ ప్రశ్ననే అడిగినది. అందులో మనసు మారిన పిసినారి తన గుమాస్తా ఇంటికి తన పేరు చెప్పకుండా ఒక పెద్ద టర్కీ కోడిని పంపుతాడు; మరునాడు జీతం పెంచుతాడు. పేరు చెప్పని కానుకలో నికొలస్ మూట, పెరిగిన జీతంలో పనివాని ముంత, రెండూ అక్కడ కలిసినవి.

మన తెలుగునాట క్రైస్తవ గృహాలలో ఈ పండుగకు ముఖ్యమైన కానుక కొత్తబట్టలే. వాటితోపాటు పిండివంటల పళ్లెం ఇరుగుపొరుగు ఇళ్లకు, మతభేదం పాటించకుండా వెళుతుంది. దానిపై కప్పేది ఒక గుడ్డ లేక కాగితం. అయినా ఎవరు పంపినదీ అందరికీ తెలుసు. చెట్టు క్రింద పేర్చిన కానుకలను విప్పే వేళ ఏ దేశంలో ఏదైనా కావచ్చును. తలుపు తెరచి బయటికి పంపే కానుకకు కూడా అదే పండుగలో ఒక వేళ ఉండేదని, దానిని పూర్తిగా మరువరాదని ఈ చరిత్ర మనకు గుర్తుచేస్తున్నది.