‘టచ్ ఆఫ్ ఈవిల్’ : ఒక చలనచిత్రము - మూడు పాఠములు

ప్రాచీన కావ్యమునకు పరిష్కృత ముద్రణమును సిద్ధపఱచు పండితుని యెదుట మూడు ప్రశ్నలు నిలుచును. కవి వ్రాసిన దెయ్యది? పరులు మార్చిన దెయ్యది? ఆ రెంటిని వేఱు చేయుటకు ఆధార మెయ్యది? ఈ ప్రశ్నలు తాళపత్ర గ్రంథములకు మాత్రమే చెందినవని మనము సామాన్యముగా తలంతుము. యంత్రసాధనములతో నిర్మింపబడి, ఒకే రూపమున అనేక నగరములందు ప్రదర్శింపబడు చలనచిత్రమునకు పాఠభేదము లెక్కడివని తోచును. ఈ తలంపు సరికాదని నిరూపించుటకు అమెరికను దర్శకుడు ఆర్సన్ వెల్స్ 1957లో తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ అను నేరచిత్ర మొక్కటి చాలును.

ఈ చిత్రము నేడు మూడు పాఠములుగా లభించుచున్నది. ఇంగ్లండునందలి యురేకా సంస్థ తన ‘మాస్టర్స్ ఆఫ్ సినిమా’ మాలయందు 2011లో ఆ మూడింటిని బ్లూరే డిస్కులపై ప్రకటించినది. ఇంటిలో చూచుటకై అమ్మబడు ఇట్టి డిస్కులను వినోదవస్తువులుగా పరిగణించుట పరిపాటి. మేము దీనిని పరిష్కృత ప్రచురణముగా భావించి, ఆ దృష్టితోనే ఇచట పరిశీలింపబూనితిమి.

కథాసంగ్రహము

విట్ మాస్టర్సన్ అను కలము పేరుతో ఇరువురు రచయితలు 1956లో ప్రకటించిన ‘బ్యాడ్జ్ ఆఫ్ ఈవిల్’ అను నవల ఈ చిత్రమునకు మూలము. అమెరికా మెక్సికో దేశముల సరిహద్దునందలి లాస్ రోబ్లెస్ అను కల్పిత పట్టణము కథారంగము. వీథిదృశ్యములు కాలిఫోర్నియాలోని వెనిస్ పట్టణమున తీయబడినవి. కారులో నమర్చిన బాంబు సరిహద్దు దాటగనే ప్రేలి ఒక ధనికుడు మరణించును. నవవధువుతో ఆ వీథిని నడచుచున్న మెక్సికో ప్రభుత్వోద్యోగి వార్గాస్ ఈ పరిశోధనమున చిక్కుకొనును. ఆ పాత్రను చార్ల్టన్ హెస్టన్, భార్య సూసన్ పాత్రను జానెట్ లీ ధరించిరి. పరిశోధనము నడపు అమెరికను పోలీసు అధికారి హాంక్ క్విన్లన్ వేషమును వెల్స్ తానే ధరించెను.

సాంచెజ్ అను యువకుని గదిని సోదా చేసి, బూట్ల అట్టపెట్టెలో డైనమైటు దొరకినదని క్విన్లన్ పక్షమువారు ప్రకటింతురు. ఆ పెట్టె ఖాళీగా నుండుటను వార్గాస్ అంతకు కొలది నిమిషములకు ముందే కన్నులార చూచియుండెను. సాక్ష్యము కల్పిత మని అతనికి తెలిసిపోవును. అక్కడినుండి కథ ఆ ఇరువురి పోరాటముగా మాఱును. అయినను చిత్రాంతమున సాంచెజ్ నేరము నంగీకరించెనని వినవచ్చును. క్విన్లన్ ఊహ నిజము. అతడు చూపిన ఆధారము అబద్ధము. పాఠకు లీ విషయమును మనసునం దుంచుకొనవలెనని మా ప్రార్థన. తుదిని దీనితో మనకు పని కలదు.

పాఠత్రయము ఏర్పడిన విధము

చిత్రీకరణము 1957 ఫిబ్రవరిలో ప్రారంభమై ఏప్రిల్ మొదట ముగిసెను. వెల్స్ తన కూర్పును సాగించుచుండగనే యూనివర్సల్ స్టూడియో అధికారులకు అది రుచింపకపోయెను. వారు కూర్పును తమ చేతిలోనికి తీసికొని, కథ ప్రేక్షకులకు సులభముగా బోధపడవలెనని కొన్ని దృశ్యములను హ్యారీ కెల్లర్ అను మఱియొక దర్శకునిచే ఆ సంవత్సరము నవంబరులో తీయించిరి. ఆ మాఱిన చిత్రమును ఒక్కమారు చూచి, వెల్స్ స్టూడియో నిర్మాణాధిపతి ఎడ్వర్డ్ మూల్ పేర 58 పుటల లేఖ వ్రాసెను. దాని తేది 1957 డిసెంబరు 5. లేఖలోని కోరికలలో కొన్ని మాత్రమే నెఱవేరినవి. చిత్రము 1958 ఫిబ్రవరిలో సుమారు 95 నిమిషముల నిడివితో, ఒకే టిక్కెట్టుపై చూపు జంటచిత్రములలో రెండవదిగా విడుదలయ్యెను. ఇది మొదటి పాఠము. దీనిని మనము ప్రచారపాఠ మనవచ్చును.

1970ల మధ్యకాలమున 108 నిమిషముల ప్రతి యొకటి స్టూడియో భాండారమున బయటపడెను. విడుదలకు ముందు ప్రేక్షకుల యభిప్రాయము తెలిసికొనుటకై చూపబడిన ప్రతి యది. నిడివి హెచ్చుగా నుండుటచే దర్శకుని యసలు పాఠమే దొరకెనని పలువురు సంతసించిరి. వాస్తవమున వెల్స్ తీసిన దృశ్యములు దీనిలో నధికముగా నున్నట్లే, కెల్లర్ తీసినవియు నధికముగా నున్నవి. పెద్ద ప్రతి యెల్ల మేలి ప్రతి కాదను మాట మన వ్రాతప్రతుల విషయమున నెంత నిజమో ఇచటను నంత నిజము.

మూడవది 1998 నాటి పాఠము. వెల్స్ 1985లో మరణించెను. ఆయన లేఖలోని భాగములను విమర్శకుడు జొనాథన్ రోజెన్‌బామ్ 1992లో ప్రకటించెను. నిర్మాత రిక్ ష్మిడ్లిన్ ఆ లేఖ ననుసరించి చిత్రమును పునస్సంఘటింపబూనగా, ప్రసిద్ధ కూర్పరి వాల్టర్ మర్చ్ ఆ భారము వహించెను. రోజెన్‌బామ్ సలహాదారుగా నుండెను. లేఖయందలి సుమారు ఏబది సూచన లిందు అమలుచేయబడినవి. దీని నిడివి 111 నిమిషములు.

మార్పుల స్వభావము

ఈ మార్పులలో మిక్కిలి ప్రసిద్ధమైనది ప్రారంభ దృశ్యము. చేతియందు బాంబు గడియారమును తిప్పు మనిషితో ఆరంభమై, కారు వెంబడి ఇండ్లమీదుగా, జనసమ్మర్దము నడుమ, సరిహద్దు కాపలా వఱకు క్రేనుపై తేలిపోవు ఈ షాటు ఎచటను తెగక మూడు నిమిషములకు పైగా సాగును. 1958 నాటి పాఠమున దీనిపై నటుల, సాంకేతికుల పేళ్లు పడుచుండును. వెనుక హెన్రీ మాన్సిని కూర్చిన సంగీతము మ్రోగుచుండును. 1998 నాటి పాఠమున పేళ్లు చివరకు పోయినవి. సంగీతము తొలగి, ఒక్కొక్క పానశాల వాకిటినుండియు, సాగుచున్న కారు రేడియోనుండియు వచ్చు పాటలు దగ్గఱగుచు దూరమగుచు వినబడును.

ఈ భేదము అలంకారమాత్రము కాదు. అక్షరములున్నప్పుడు కన్ను వానిని చదువుచు, కారును నడుమ నడుమ మఱచును. అవి లేనప్పుడు కారు రేడియోయే మనకు గుఱుతు. ఆ పాట సమీపించినప్పుడెల్ల బాంబు సమీపించినదని చెవికి తెలియును. చూచువాని భయము వీథిలోనుండియే పుట్టును. లేఖలో వెల్స్ కోరినదియు ఇదియే.

రెండవ ఉదాహరణము మిక్కిలి చిన్నది. కాని పరిష్కర్తల కెక్కువ ప్రయోజనకారి. క్విన్లన్ నే దైవముగా నమ్మిన అనుచరుడు మెంజీస్. అతని ముఖమును దగ్గఱగా చూపు ఒక షాటును తీసివేయవలసినదని వెల్స్ కోరెను. విశాలకోణపు కటకమును పొరపాటున వాడుటచే ముఖము వికృతముగా కనబడుచున్న దనుట ఆయన చెప్పిన కారణము. సాంకేతికదోషమే యని తలంచి మర్చ్ దానిని తొలగించెను. తొలగించిన పిదప గాని దాని యంతరార్థము తనకు తెలియలేదని ఆయన తరువాత వివరించెను. ఆ షాటు ఉన్నయెడల మెంజీస్ విశ్వాసము అప్పుడే కూలినట్లు తోచును. లేనియెడల అతడు కడవఱకు తనలో తాను పెనుగులాడి, అటుపిమ్మట వార్గాస్‌కు తోడ్పడినట్లగును. స్టూడియోవారు కళాకారణమును అంగీకరింపరని యెఱిగి వెల్స్ కటకదోషమును ముందుకు తెచ్చెనేమో! కారణ మేదైనను, ఆదేశము ననుసరించుటవలన అర్థము తేటపడినది. తనకు అర్థము కానంతమాత్రమున పాఠమును తిరస్కరింపరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ సూత్రమునకు ఇంతకంటె మంచి నిదర్శనము మాకు కనబడలేదు.

లేఖకు గల ప్రామాణ్యము

అట్లైనచో 1998 నాటి పాఠమే దర్శకుని పాఠ మనవచ్చునా? ఈ ప్రశ్నకు అవునని యుత్తర మిచ్చుట సులభము; ప్రకటనలయందు లాభకరము కూడ. కాని లేఖ స్వభావమును గుర్తింపవలెను. అది స్వేచ్ఛగా వ్రాసికొన్న కృతివివరణము కాదు. అధికారము పోగొట్టుకొన్న దర్శకుడు అధికారము గలవారిని ఒప్పించుటకై వ్రాసిన విన్నపము. కెల్లర్ దృశ్యములు కొన్ని తప్పక యుండునని గ్రహించి, వానినే యెట్లు సరిదిద్దవచ్చునో ఆయన అందు సూచించెను. కావున లేఖ మనకు తెలుపునది వెల్స్ మొదట కోరిన చిత్రమును కాదు. 1957 డిసెంబరునాటికి ఆయన సమ్మతింపగల చిత్రమును. ఆయన తొలి కూర్పు నేడు లేదు. 1998 నాటి పాఠమునందును కెల్లర్ తీసిన యంశములు కొన్ని నిలిచియే యున్నవి.

పరులు విడిచిన కృతిని పూరించుట మనకు క్రొత్త కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన పూరించి, నన్నయ కృతిపతియగు రాజరాజనరేంద్రునికే అంకిత మొనర్చెను. పోతన భాగవతమునందు శిథిలములైన స్కంధములను గంగన, సింగన, నారయలు పూరించిరి. వారు కవులు, లేనిదానిని సృజించిరి. మర్చ్ క్రొత్త షాటు నొక్కటియు తీయలేదు. లభించిన ఫిలింనే, లభించిన ధ్వనినే, వ్రాతమూలకమైన ఆధారముతో మరల అమర్చెను. ఆయన స్థానము కవిది కాదు, పరిష్కర్తది. పరిష్కర్తకు గౌరవము కలదు, కర్తృత్వము లేదు.

డిస్కుల గుణదోషములు

యురేకా ప్రచురణమునందలి ప్రథమగుణ మేమనగా, మూడు పాఠములను సమానముగా నిలుపుట. 1998 నాటి పాఠమునకు పెద్దపీట వేసి, తక్కిన వానిని అనుబంధములుగా కుదింపలేదు. 1958 నాటి పాఠమునందు దోషము లున్నను, ఆనాటి ప్రేక్షకులు చూచినదియు, ఐరోపాయందు ఈ చిత్రమునకు కీర్తి తెచ్చినదియు నదియే. దానిని మఱుగుపఱచినయెడల ఆ కాలపు విమర్శ దేనిగూర్చి మాటలాడెనో రాబోవు తరములకు తెలియకపోవును.

రెండవ గుణము తెర పరిమాణ విషయమున చూపిన నిజాయితీ. 1950ల మధ్యకు అమెరికా థియేటర్లు వెడల్పు తెరకు మాఱెను. ఫిలింపై చిత్రము దాదాపు చదరముగా, ఎత్తునకు 1.37 రెట్ల వెడల్పుతో పడినను, ప్రదర్శించునప్పుడు మీదను క్రిందను కప్పి 1.85 రెట్ల వెడల్పుగా చూపుచుండిరి. వెల్స్ దేనిని మనసున నుంచుకొని దృశ్యములు కూర్చెనను విషయమున వాదము కలదు. యురేకావారు 1958, 1998 పాఠములను రెండు పరిమాణములందును, నడిమి పాఠమును వెడల్పు రూపమునను, మొత్తము ఐదు రూపములుగా నిచ్చిరి. మేము రెండింటిని పోల్చి చూచితిమి. ఎత్తు రూపమున పైకప్పులు క్విన్లన్ తలపై క్రుంగుచున్నట్లు కనబడును. వెడల్పు రూపమున జనుల ముఖములు ఇఱుకున చిక్కినట్లుండును. రెండును సార్థకములే. ఇట్టియెడ తీర్పు చెప్పక, రెండు పాఠములను ముద్రించుటయే పరిష్కర్తకు తగును. 2014లో యూనివర్సల్ సంస్థ అమెరికాలో ప్రకటించిన బ్లూరేయందు మూడు పాఠములున్నను, వెడల్పు రూపము మాత్రమే కలదు.

చిత్రస్పష్టతను గూర్చి ఒకటి రెండు మాటలు చాలును. అమెరికాయందలి వెనుకటి డీవీడీలో 480 గీతలుండగా బ్లూరేయందు 1080 గీతలు కలవు. ఛాయాగ్రాహకుడు రస్సెల్ మెటీ తీసిన రాత్రిదృశ్యములకు ఈ హెచ్చింపు ప్రాణము. గోడలపై పడు నీడకు అంచు తెలియును. క్విన్లన్ గడ్డపు మాసికయు, చెమటయు తెలియును. 2022లో కినో లోర్బర్ సంస్థ ఈ మూడు పాఠములను ఇంతకంటె సూక్ష్మమైన 4కే రూపమునను ప్రకటించినది.

ఒక లోపమును మాత్రము చెప్పక తప్పదు. డిస్కులయందు వ్యాఖ్యానములు కలవు. వానిలో రోజెన్‌బామ్, జేమ్స్ నెర్మోర్ కలసి చెప్పినది విలువైనది. కాని ఏ షాటు వెల్స్ తీసినదో, ఏది కెల్లర్ తీసినదో సూచించు చిహ్నము తెరపై లేదు. పాఠాంతరములను పుట యడుగున చూపని ముద్రణ మెట్టిదో ఇదియు నట్టిదే. కోరినవారు మాత్రము చూచుకొనగల సూచిక యొకటి యుండిన, ఈ ప్రచురణము సమగ్రమై యుండెడిది.

ఉపసంహారము

ఇప్పుడు బూట్ల అట్టపెట్టెను స్మరింతము. క్విన్లన్ తనకు తెలిసిన నిజమునకు లేని సాక్ష్యమును జతచేసెను. నిజము తుదకు నిజమే యైనది. అతని దోషము దానిచే తొలగలేదు. కవిహృదయము తనకు తెలియునను ధీమాతో, ప్రతులలో లేని పాఠమును దిద్దిపెట్టు పరిష్కర్తయు ఇట్టివాడే. ఒక్కొక్కప్పుడు అతని ఊహ సరియే కావచ్చును. అయినను పెట్టె ఖాళీగా నుండెనని చూచినవారు చెప్పవలసినదే. మర్చ్ బృందము లేఖను సాక్ష్యముగా చూపెను. ప్రచురణకర్తలు మూడు ప్రతులను మన యెదుట నుంచిరి. తీర్పు మనకు వదలిరి.

‘దర్శకుని పాఠము’ అను ముద్ర వేసి ఒక్క ప్రతినే నిలిపియుండినచో అమ్మకమునకు సులభమై యుండెడిది. సత్యమునకు మాత్రము కొఱత కలిగెడిది. లేనిది లేదని చెప్పి, ఉన్నదాని నంతయు చూపుటయే పరిష్కరణ ధర్మమని మా యభిప్రాయము.