ఏటీవీ ట్రాకుకు ప్రతిపదార్థం

అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన, కెనడాలోని క్వెబెక్ పల్లెల్లో చలికాలం ముదిరేసరికి చాలామంది ఏటీవీకి, అంటే ఎగుడుదిగుడు నేల మీద తిరిగే బండికి, ఉన్న నాలుగు చక్రాలూ ఊడదీసి, వాటి చోట త్రికోణాకారపు రబ్బరు ట్రాకులు బిగిస్తారు. ఈ ట్రాకు కిట్ల గురించి దుకాణాల్లో చెప్పేదంతా ఒక్క వాక్యంలోకి కుదిస్తే ఇలా ఉంటుంది: "లోతు మంచుకు వెడల్పు ట్రాకు, పొడవాటి లగ్గులు, చిన్న స్ప్రాకెట్, సర్దుకునే ఆర్మ్, మీ మోడల్‌కు తగిన మౌంట్." వేల డాలర్ల సరుకు కాబట్టి ఈ వాక్యాన్ని పదం పదం విడదీసి చదవాలి.

లోతు మంచు: మనకు పొగమంచూ మంచే, ఐసూ మంచే, దూదిలా రాలేదీ మంచే. ట్రాకు కొనేవారికి ఈ ఒక్క మాట చాలదు. అప్పుడే రాలిన పొడిమంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. రోజుల తరబడి అణిగి, తడిసిన మంచు 300, 400 కిలోల దాకా పోతుంది. సరస్సు మీద గడ్డకట్టిన ఐసు 900 దాటుతుంది. మొదటిది బరువు మోయదు, రెండోది ట్రాకు సందుల్లో దట్టంగా కూరుకుంటుంది, మూడోది జారుతుంది. మీరు తిరిగేది ఎక్కువగా ఏ మంచులోనో ముందు తేల్చుకోండి. మిగతా పదాలన్నిటికీ అర్థం దాన్ని బట్టే మారుతుంది.

వెడల్పు: మొత్తం కిట్‌కు ప్రాణం ఇదే. ఒక లెక్క వేసి చూద్దాం. బండీ మనిషీ కలిసి 450 కిలోలనుకుందాం. ఒక్కో టైరు 300 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకితే, చదరపు సెంటీమీటరు మీద పడే బరువు 375 గ్రాములు. ఇప్పుడు 30 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల పొడవు నేలకు ఆనే ట్రాకులు నాలుగు తొడగండి. కిట్ వల్ల బండి మరో 100 కిలోలు పెరిగినా, పడే బరువు 61 గ్రాములకు దిగుతుంది, అంటే ఆరో వంతు. పొడిమంచులో తిరిగేవారు ఎంత వెడల్పు దొరికితే అంత తీసుకోవడం మేలు. అడవిలో చెట్ల సందుల్లో, తొక్కి గట్టిపడ్డ బాట మీద తిరిగేవారికి ఇరుకు ట్రాకు చాలు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది.

లగ్గులు: ట్రాకు మీద పళ్లలా లేచి ఉండే రబ్బరు దిమ్మలు. కొనేవాళ్ల కళ్లన్నీ వీటి మీదే పడతాయి, నాకు అది సరైన చూపు అనిపించదు. వరిమడిలో దమ్ముకు దిగే ట్రాక్టరు కేజ్‌వీల్స్‌కి అడుగున గట్టి నేల దొరుకుతుంది. నాలుగడుగుల పొడిమంచులో అలాంటి అడుగు అందదు. పొడవాటి లగ్గులున్న ట్రాకు అక్కడ గిర్రున తిరిగిందంటే తన గోతిని తానే తవ్వుకుంటుంది. ముందు తేలాలి, తర్వాతే పట్టు. దిగబడ్డప్పుడు యాక్సిలరేటర్ నొక్కకండి. వచ్చిన జాడలోనే వెనక్కి వెళ్లి, ఆ జాడ కాస్త గట్టిపడ్డాక మళ్లీ ముందుకు రండి.

స్ప్రాకెట్: ఇరుసు తిప్పే శక్తిని ట్రాకుకు అందించే పళ్లచక్రం. ఈ పదం వెనక ఒక తండ్రి దుఃఖం ఉంది. 1934 చలికాలంలో క్వెబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుకు, మంచుతో దారులు మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేక చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆయన, రబ్బరు తొడిగిన స్ప్రాకెట్‌తో ట్రాకును తిప్పే పద్ధతికి 1937లో పేటెంట్ పొందాడు.

ఇక మన కిట్ సంగతి. స్ప్రాకెట్ టైరు కంటే చిన్నది. ఇరుసు ఒక చుట్టు తిరిగితే బండి నడిచే దూరం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది, వేగం పడిపోతుంది. గేర్‌బాక్సు నుంచి లెక్క తీసుకునే స్పీడోమీటరు అసలు కంటే ఎక్కువ వేగం చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. లోతు మంచులో లో గేరులోనే నడపాలి. లేకపోతే భారమంతా క్లచ్ రబ్బరు బెల్టు మీద పడి అది కాలిపోతుంది.

సర్దుకునే ఆర్మ్: ట్రాకు చట్రం ఇరుసు చుట్టూ తిరిగిపోకుండా ఆపే కడ్డీ. దీన్ని సరిగా బిగించకపోతే ఎంత మంచి కిట్ అయినా దండగే. ముందు ట్రాకు ముక్కు కిందికి వాలితే మంచులో గుచ్చుకుంటుంది, హ్యాండిల్ బండరాయిలా బరువెక్కుతుంది. ముక్కు కాస్త పైకి ఉంటే మంచు మీదికి ఎక్కుతుంది. బిగించిన తర్వాత కొద్ది గంటలు నడిపి బోల్టులు, ట్రాకు బిగువు మళ్లీ చూసుకోవాలి.

మౌంట్: ఒక మోడల్‌ది మరో మోడల్‌కు సరిపోదు. బండి మార్చే ఉద్దేశం ఉంటే, మౌంటు మాత్రమే మార్చి ట్రాకులు ఉంచుకోగల కిట్ కొనండి.

అధ్యాహారం: వాక్యంలో లేకపోయినా మనం పూరించుకోవలసినవి. ఫోర్‌వీల్ డ్రైవ్, ట్రాకుల్ని లాగగల ఇంజన్ ఉండాలి. పవర్ స్టీరింగ్ లేని బండికి ట్రాకులు తొడగవద్దని నా సలహా, గంటలోనే భుజాలు పడిపోతాయి. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. ట్రాకు మీద బండి తేలిన చోట మీ కాళ్లు తేలవు. బండి ఆగిపోయి దిగితే నడుము లోతు కూరుకుపోవచ్చు. మంచులో నడిచే వెడల్పు చెప్పులు ఒక జత వెనక ర్యాకుకు కట్టుకోకుండా బయలుదేరకండి.