బంతి దాటిన దెబ్బ: వృత్తి ఫుట్‌బాల్‌లో హింస, వ్యక్తిగత జవాబుదారీతనం

ఉపోద్ఘాతం

ఫుట్‌బాల్ ఒళ్ళు తాకకుండా ఆడే ఆట కాదు. భుజాలు ఒరుసుకుంటాయి, కాళ్ళు చిక్కుపడతాయి, గాల్లోకి ఎగిరిన రెండు తలలు ఒకే బంతి కోసం ఢీకొంటాయి. వీటన్నిటికీ సిద్ధపడే ఆటగాడు మైదానంలోకి దిగుతాడు. బంతితో పనిలేని దెబ్బ సంగతి వేరు. పాత పగతో ఎదుటివాడి మోకాలి మీదికి దూకడం, తలతో గుద్దడం, పంటితో కొరకడం ఏ ఆటలోనూ భాగం కావు. అలాంటి దెబ్బ కొట్టేది ఒక్కడు. దాని మూల్యం మాత్రం చాలాసార్లు ఇతరులు చెల్లిస్తారు. జట్టు పదిమందితో నెట్టుకొస్తుంది. క్లబ్ పరిహారం కడుతుంది. గాయపడ్డవాడు ఆస్పత్రిపాలవుతాడు. అభిమానులు తమ వీరుడి తరఫున సాకులు వెతికిపెడతారు.

1980 నుంచి 2014 వరకు పురుషుల వృత్తి ఫుట్‌బాల్‌లో జరిగిన కొన్ని ప్రసిద్ధ ఘటనలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రిఫరీ, ఫుట్‌బాల్ సంఘం, న్యాయస్థానం అనే మూడు అంచెల్లో తప్పుచేసిన ఆటగాడి బాధ్యత ఎలా తేలింది, ఎక్కడ జారిపోయింది అన్నది ఇక్కడి ప్రశ్న. ఈ వ్యాసం చేసే ప్రతిపాదన ఒక్కటే. శిక్షలో జవాబుదారీతనం ఎంత ఉందో దాని పరిమాణాన్నిబట్టి చెప్పలేం. అది మరొకరి మీదికి మళ్ళడానికి వీలుందా లేదా అన్నదే సరైన కొలమానం.

సమ్మతి ఎక్కడిదాకా?

ఆటలో తగిలిన దెబ్బ ఎందుకు నేరం కాదు? దీనికి మన చట్టంలోనే స్పష్టమైన సమాధానం ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 87వ సెక్షన్ కత్తిసాము ఉదాహరణ ఇచ్చింది. ఇద్దరు వినోదం కోసం కత్తిసాముకు ఒప్పుకున్నారంటే, మోసపుటాట లేనంతవరకు తగిలే దెబ్బలకు ఇద్దరూ సమ్మతించినట్టే. సక్రమంగా ఆడుతూ ఒకరు మరొకరిని గాయపరిస్తే అది నేరం కాదు. చావుకు గానీ తీవ్రగాయానికి గానీ దారితీయాలన్న ఉద్దేశం, దారితీయవచ్చన్న ఎరుక ఉంటే ఈ రక్షణ వర్తించదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 25వ సెక్షన్‌గా ఇదే సూత్రం కొనసాగుతోంది. ఆటగాడి సమ్మతికి రెండు ఎల్లలున్నాయన్నమాట: ఆట సక్రమంగా సాగాలి, తీవ్రగాయం చేసే ఉద్దేశం ఉండకూడదు.

ఇంగ్లండ్ న్యాయస్థానాలు కూడా ఈ గీత దగ్గరే తర్జనభర్జన పడ్డాయి. 1878 నాటి బ్రాడ్‌షా కేసులో ఫుట్‌బాల్ ఆడుతూ ఒక ఆటగాడు చనిపోయాడు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ దేశ చట్టం కూడదన్నదాన్ని ఏ ఆట నియమమూ చట్టబద్ధం చేయలేదని న్యాయమూర్తి బ్రామ్‌వెల్ ఆ కేసులోనే జ్యూరీకి తెలియజెప్పారు. 2004లో బార్న్స్ కేసులో అప్పీలు కోర్టు మరో అడుగు ముందుకు వేసింది. ప్రతి ఫౌల్‌నూ పోలీసు స్టేషన్‌కు తీసుకుపోలేమని, నేరం అనదగినంత తీవ్రత ఉన్నప్పుడే క్రిమినల్ విచారణ తగునని తేల్చింది. ఆట స్వభావం, దెబ్బలోని బలం, గాయపడే ప్రమాదం, కొట్టినవాడి మానసిక స్థితి చూడాలని చెప్పింది.

ఆట నియమాల్లోని 12వ నిబంధనకూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. అజాగ్రత్తగా చేసిన ఫౌల్‌కు ఫ్రీకిక్ సరిపోతుంది. ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా దూకితే ఎల్లో కార్డ్. మితిమీరిన బలం వాడితే రెడ్ కార్డ్. బంతి కోసం పోటీయే లేనిచోట మితిమీరిన బలప్రయోగానికి దిగితే, దెబ్బ తగలకపోయినా అది హింసాత్మక ప్రవర్తనే. కాగితం మీద లోటు లేదు. ఆచరణలో ఏమైందో చూడాలి.

రిఫరీ చూడనిది

1982 జులై 8, స్పెయిన్‌లోని సెవిల్. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ మధ్య ప్రపంచకప్ సెమీఫైనల్. స్కోరు 1-1. ప్లాటిని అందించిన బంతిని అందుకోవడానికి, కాసేపటి క్రితమే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన ఫ్రాన్స్ ఆటగాడు పాట్రిక్ బాటిస్టన్ గోల్ వైపు దూసుకుపోయాడు. బంతిని తన్నాడు, అది గోల్ పక్కనుంచి బయటికి పోయింది. అప్పటికే జర్మన్ గోల్‌కీపర్ హరాల్డ్ షూమాకర్ గాల్లోకి లేచి, ఒళ్ళు పక్కకు తిప్పి, తుంటితో అతని మొహాన్ని ఢీకొట్టాడు. బాటిస్టన్ స్పృహ తప్పి పడిపోయాడు. పళ్ళు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. రిఫరీ చార్లెస్ కోర్వర్ ఇచ్చిన తీర్పు గోల్ కిక్. ఫౌల్ కూడా కాదు. మ్యాచ్ 3-3తో ముగిసి పెనాల్టీలకు వెళ్ళింది. షూమాకర్ రెండు కిక్‌లు ఆపాడు. జర్మనీ గెలిచింది. మూడు రోజుల తర్వాత అతను ఫైనల్ కూడా ఆడాడు.

ఆ రాత్రి షూమాకర్ అన్న మాట దెబ్బకంటే ఎక్కువగా మనసులు నొప్పించింది. బాటిస్టన్ పళ్ళు పోయాయని చెబితే, అంతే అయితే వాటి ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. ఎవరి శరీరం దెబ్బతిన్నదో ఆ మనిషి ఆ మాటలో లేడు, బిల్లు మాత్రమే ఉంది. తర్వాత అతను బాటిస్టన్‌ను కలిసి క్షమాపణ చెప్పుకున్నాడు, బాటిస్టన్ మన్నించాడు. ఏ సంఘమూ విధించని బాధ్యత ఇద్దరు మనుషుల మధ్య తేలింది.

రిఫరీ చూపు దాటిపోయినంత మాత్రాన తప్పు సమసిపోదని చెప్పే మరో ఘటన స్కాట్లాండ్‌లో జరిగింది. 1994 ఏప్రిల్‌లో రేంజర్స్ స్ట్రైకర్ డంకన్ ఫెర్గూసన్, రైత్ రోవర్స్ ఆటగాడు మెక్‌స్టేను తలతో గుద్దాడు. మైదానంలో కార్డ్ చూపలేదు. ఆ తర్వాత స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం 12 మ్యాచ్‌ల నిషేధం విధించింది. అంతటితో ఆగలేదు. కోర్టు మూడు నెలల జైలుశిక్ష వేసింది. 1995లో అతను గ్లాస్గోలోని బార్లినీ జైల్లో 44 రోజులున్నాడు. అంతకుముందే దాడి కేసుల్లో శిక్షపడి ప్రొబేషన్‌లో ఉండటం తీర్పుపై ప్రభావం చూపింది. జెర్సీ తొడుక్కున్నంత మాత్రాన పౌరుడి బాధ్యత తొలగిపోదని ఆ కోర్టు చెప్పినట్టయింది.

ఒకే టాకిల్, రెండు శిక్షలు

ఉద్దేశాన్ని నిరూపించడం ఎంత కష్టమో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు రాయ్ కీన్ ఉదంతం చూపిస్తుంది. 1997 సెప్టెంబరులో లీడ్స్‌తో ఆడుతూ, ఆ జట్టు ఆటగాడు ఆల్ఫీ హాలండ్‌ను పడేయబోయి కీన్ తన మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. నొప్పితో పడి ఉన్న అతన్ని నటిస్తున్నావంటూ హాలండ్ మీదికి వంగి గద్దించాడు. 2001 ఏప్రిల్ 21న, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ సిటీకి ఆడుతున్న హాలండ్ మోకాలి మీదికి కీన్ బూటు స్టడ్లతో దూకాడు. రెడ్ కార్డ్, మూడు మ్యాచ్‌ల నిషేధం, 5,000 పౌండ్ల జరిమానా. అక్కడితో అది ముగిసిన కేసు.

2002లో వెలువడిన కీన్ ఆత్మకథలో అది ప్రతీకారమన్న అర్థం వచ్చేలా రాసి ఉంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం మళ్ళీ విచారణ జరిపి ఐదు మ్యాచ్‌ల నిషేధం, 1,50,000 పౌండ్ల జరిమానా వేసింది. అవి తన సొంత మాటలు కావని, తన తరఫున పుస్తకం రాసిన పాత్రికేయుడివని కీన్ పక్షం వాదించింది, ఆ వాదన నిలవలేదు. దెబ్బ అదే, కాలు అదే, వీడియో అదే. మారింది ఉద్దేశం గురించి దొరికిన సాక్ష్యం ఒక్కటే.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా విడదీయాలి. ఈ టాకిల్‌తోనే హాలండ్ ఆటజీవితం ముగిసిందని చాలామంది నమ్ముతారు. కీన్ తగిలించింది కుడి మోకాలికి. హాలండ్‌ను దీర్ఘకాలం బాధించి 2003లో రిటైర్ చేయించింది ఎడమ మోకాలు. కాబట్టి ఫలితాన్నిబట్టి కీన్‌ను దోషిగా నిలబెట్టడం సరికాదు. అతని తప్పు అతని ఉద్దేశంలో ఉంది, అది చాలు. రెండో విషయం మరింత ఆందోళన కలిగించేది. నోరు మెదపకపోయి ఉంటే రెండో శిక్ష పడేదే కాదు. నిజం బయటపెట్టినవాడికి శిక్ష పెరిగి, మౌనం పాటించినవాడికి తప్పిపోయే వ్యవస్థలో ఆటగాళ్ళు ఏ పాఠం నేర్చుకుంటారు? గొప్పలు చెప్పుకునే ఒప్పుకోలుకు, పశ్చాత్తాపంతో చేసే ఒప్పుకోలుకు తేడా చూపే నిబంధన క్రమశిక్షణ స్మృతుల్లో బలంగా ఉండాలి.

రెచ్చగొట్టారన్న సాకు

2006 జులై 9, బెర్లిన్. ప్రపంచకప్ ఫైనల్ 110వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు జినెదిన్ జిదాన్ వెనక్కి తిరిగి ఇటలీ డిఫెండర్ మాటెరాజీ ఛాతీ మీద తలతో గుద్దాడు. రెడ్ కార్డ్ పడింది. ఫ్రాన్స్ పెనాల్టీల్లో 5-3తో ఓడిపోయింది. మాటెరాజీ తన కుటుంబంలోని ఆడవాళ్ళను కించపరిచాడని జిదాన్ చెప్పాడు. టీవీలో చూసిన పిల్లలకు క్షమాపణ చెప్పాడు, చేసినదానికి మాత్రం చింతించడం లేదన్నాడు. ఫిఫా జిదాన్‌కు మూడు మ్యాచ్‌ల నిషేధం, మాటెరాజీకి రెండు మ్యాచ్‌ల నిషేధం, ఇద్దరికీ జరిమానాలు విధించింది. తిట్టినవాడికీ శిక్షపడటం న్యాయం. అయితే ఒకరి నోటి తప్పు మరొకరి ఒంటి తప్పును మాఫీ చేయదు. తల్లినో చెల్లినో అంటే చేయి లేవడం సహజమని మన ఊళ్ళలోనూ అంటారు. ఆ వాదన ఒప్పుకుంటే మైదానంలో ప్రతివాడూ తన అవమానానికి తానే న్యాయమూర్తి అవుతాడు. అప్పుడిక రిఫరీ అక్కర్లేదు.

సాకు మరో రూపంలోనూ వస్తుంది. 2014 జూన్ 24న బ్రెజిల్‌లోని నతాల్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లో ఉరుగ్వే ఆటగాడు లూయిస్ సువారెజ్ ఇటలీ ఆటగాడు కియెలినీ భుజాన్ని కొరికాడు. అంతకుముందు 2010లో, 2013లో ఇదే తప్పుకు ఏడు, పది మ్యాచ్‌ల నిషేధాలు అనుభవించినవాడే. పట్టు తప్పి మీద పడ్డానని ముందుగా ఫిఫాకు చెప్పుకున్నాడు. తొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌ల నిషేధం, నాలుగు నెలలు ఆటకు దూరం అన్న తీర్పు వచ్చాక, జూన్ 30న కియెలినీకి బహిరంగ క్షమాపణ చెప్పాడు. ఆ జులైలోనే బార్సిలోనా అతన్ని కొనుక్కుంది. మూడోసారి శిక్షపడిన మనిషికి ఉద్యోగంలో పదోన్నతి దక్కింది. నిషేధాలు ఎంత పొడవైనా అవి మాత్రమే మనిషిని మార్చలేవనడానికి ఈ ఉదాహరణ చాలు.

లెక్క ఎవరు కట్టారు?

2003 మేలో మాంచెస్టర్ యునైటెడ్ రిజర్వ్ జట్టుకు ఆడుతున్న 18 ఏళ్ళ బెన్ కొలెట్ కాలు ఒక మిడిల్స్‌బరో ఆటగాడి టాకిల్‌తో రెండుచోట్ల విరిగింది. ఆటజీవితం ముగిసింది. 2008లో హైకోర్టు దాదాపు 43 లక్షల పౌండ్ల పరిహారం ఇప్పించింది. మిడిల్స్‌బరో క్లబ్ బాధ్యత ఒప్పుకుంది. ఉద్యోగి తప్పుకు యజమాని జవాబుదారీ అన్న సూత్రం బాధితుడికి మేలు చేస్తుంది, అది ఉండాల్సిందే. కానీ ఆ సూత్రం ఒక్కటే ఉంటే టాకిల్ చేసినవాడికీ, దాని పర్యవసానానికీ మధ్య సంబంధం తెగిపోతుంది.

క్లబ్‌లు కట్టేది డబ్బే. ఒక్కోసారి అంతకంటే ఘోరమైన మూల్యాన్ని ఏ పాపం ఎరగనివారు చెల్లిస్తారు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడ్డాయి. ప్రత్యర్థి ఆటగాళ్ళు దిలీప్ పాలిత్, బిదేశ్ బోస్ ఒకరినొకరు కాళ్ళతో తన్నుకున్నారు. రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. గ్యాలరీల్లో కొట్లాట రేగింది, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. రెండు జట్ల అభిమానులను పక్కపక్కనే కూర్చోబెట్టిన నిర్వాహకుల తప్పిదం అందులో చాలా ఉంది. ఆ చావులను ఇద్దరు ఆటగాళ్ళ నెత్తిన రుద్దడం అన్యాయం. అయినా మైదానంలో లేచిన చేయి ఎంతదూరం పోగలదో చెప్పడానికి మన దేశంలో ఇంతకంటే విషాదకరమైన ఉదాహరణ లేదు.

మళ్ళించలేని శిక్ష

1995 జనవరి 25న లండన్‌లోని సెల్‌హర్స్ట్ పార్క్‌లో రెడ్ కార్డ్ పడి బయటికి నడుస్తున్న మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎరిక్ కాంటోనా, తనను దూషించిన ప్రేక్షకుడి మీదికి ఎగిరి తన్నాడు. ఫుట్‌బాల్ సంఘం సెప్టెంబరు 30 వరకు నిషేధించింది. కింది కోర్టు రెండు వారాల జైలు వేస్తే, అప్పీలులో అది 120 గంటల సమాజ సేవగా మారింది. కాంటోనా ఆ గంటలన్నీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ గడిపాడు. అక్టోబరు 1న లివర్‌పూల్ మీద తిరిగి ఆడి పెనాల్టీ గోల్ కొట్టాడు. మరుసటి మే నాటికి జట్టుకు లీగ్, కప్ రెండూ తెచ్చిపెట్టాడు. అప్పటికే రిటైరైన జిదాన్ కూడా ఆడలేని మూడు మ్యాచ్‌లకు బదులుగా మూడు రోజులు పిల్లల కార్యక్రమాల్లో పనిచేశాడు.

జైలును పక్కనపెడితే, మిగతా శిక్షలకూ వీటికీ తేడా ఇక్కడే ఉంది. జరిమానా ఎవరైనా కట్టవచ్చు. నిషేధం భారం జట్టు సహచరులు కూడా మోస్తారు. పరిహారం క్లబ్ చెల్లిస్తుంది. 120 గంటల పని మాత్రం తప్పుచేసిన మనిషి స్వయంగా చేయాలి. దాన్ని ఆధారం చేసుకుని మూడు ప్రతిపాదనలు చేయవచ్చు. ఒకటి, బంతితో సంబంధం లేని హింసకు నిషేధంతోపాటు తప్పనిసరి సేవ ఉండాలి, వీలైతే క్రీడాగాయాల పునరావాస కేంద్రాల్లో. రెండు, జరిమానాను క్లబ్ భరించకూడదన్న నిబంధన ఆటగాడి కాంట్రాక్టులోనే రాయాలి. మూడు, గాయపడిన ఆటగాడు ఇష్టపడితే ఎదురెదురుగా కూర్చుని జరిగింది ఒప్పుకునే అవకాశం కల్పించాలి. అలా ఒప్పుకున్నదాన్ని కొత్త శిక్షకు సాక్ష్యంగా వాడకూడదు.

ముగింపు

నియమాలు, కోర్టులు, కెమెరాలు ఇప్పుడు దెబ్బను పట్టుకోగలుగుతున్నాయి. దెబ్బ కొట్టినవాడి చేత దాని భారం మోయించడంలోనే అవి వెనుకబడ్డాయి. ఫెర్గూసన్ జైలుశిక్షను పక్కనపెడితే, షూమాకర్ నుంచి సువారెజ్ దాకా పరిశీలించిన ఉదంతాల్లో ఆటగాడు తప్పును స్వయంగా ఎదుర్కొన్నది రెండు సందర్భాల్లోనే: గాయపడ్డవాడి ముందు నిలబడినప్పుడు, లేదా తన కాలాన్నీ శ్రమనూ ఇచ్చుకున్నప్పుడు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచాక తెలుగు పిల్లలు కూడా ఫుట్‌బాల్‌ను వృత్తిగా ఊహించుకునే వీలు కలిగింది. వారికి డ్రిబ్లింగ్ నేర్పే అకాడమీలు, తప్పుచేసిన రోజున ఏం చేయాలో కూడా నేర్పాలి. నేనే చేశాను, నాదే తప్పు, దీనికి నేనే ఏదో ఒకటి చేయాలి అనగలిగే ఆటగాడిని తయారుచేయడం క్రమశిక్షణ కమిటీల పని కంటే ముందుగా శిక్షకుల పని.