మిక్కిలినేని: దళం నుంచి వెండితెరకు

‘మాయాబజార్’లో కర్ణుడు, ‘దానవీరశూరకర్ణ’లో భీష్ముడు. ఆ రెండు వేషాలూ వేసింది మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి. దాదాపు 400 సినిమాల్లో రాజులు, మంత్రులు, జమీందార్లుగా కనిపించారు. కిరీటాలు పెట్టుకున్న ఆ మనిషి నటన నేర్చింది మాత్రం రాజ్యాన్ని నిలదీసిన నాటకాల్లో.

విజయవాడకు ఎగువన, కృష్ణ కుడిగట్టున ఉన్న లింగాయపాలెం ఆయన పుట్టిన ఊరు. పద్యనాటకంలో కపిలవాయి రామనాథశాస్త్రి శిష్యరికం చేశారు. 1943లో బొంబాయిలో వామపక్ష కళాకారుల నాటక సంఘం ఇప్టా పుట్టింది. మన దగ్గర దాని శాఖే ప్రజానాట్యమండలి. గరికపాటి రాజారావు సారథ్యంలో పనిచేసిన ఆ మండలిలో మిక్కిలినేని ముఖ్యుల్లో ఒకరయ్యారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆయన భార్య సీతారత్నం కూడా ఆ నాటకాల్లో నటించారు. అది చిన్న తెగింపు కాదు.

మండలి చేసిన అసలు పని పాత కళకు కొత్త కథ ఇవ్వడం. జంగం కథనే తీసుకోండి. తంబురా మీటుతూ అడుగులేసే కథకుడు నడుమ, గుమ్మెట వాయించే వంతలు అటూ ఇటూ. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండోవాడు రాజకీయం అందుకుంటాడు. ఆ రెండో గొంతులోకి బెంగాల్ కరువు, జమీందారీ దౌర్జన్యం వచ్చి చేరాయి. ఆ జంగం కథే పొన్నెకల్లు నాజర్ చేతిలో బుర్రకథగా జనం కళ అయింది. గొల్లసుద్దులు, కోలాటం, పగటివేషాలు కూడా అదే దారి పట్టాయి. ఇక సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మాభూమి’ నాటకాన్ని వందకు పైగా దళాలు ఊరూరా ఆడాయి. తెలుగు నాటకానికి అంతకు మించిన విజయం నాకు కనిపించదు.

సర్కారు ఊరుకోలేదు. ‘మాభూమి’ని నిషేధించింది. 1948 తర్వాత కమ్యూనిస్టులపై నిర్బంధం ముదిరి దళాలు చెదిరిపోయాయి. మిక్కిలినేని జైలుపాలయ్యారు. ఊళ్లలో వేదిక లేకుండా పోయిన నటులు మద్రాసు రైలెక్కారు. అల్లు రామలింగయ్య అలా వెళ్లినవారే. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీసి దుగ్గిరాలలో పెరిగిన జమునను తెరకు తెచ్చారు. మిక్కిలినేని తొలి సినిమా కె.ఎస్. ప్రకాశరావు తీసిన ‘దీక్ష’.

సినిమా అన్నం పెట్టింది, పేరు తెచ్చింది. అయినా తాను తిరిగిన పల్లెల రుణం ఆయన మరిచిపోలేదు. రంగస్థల నటుల జీవితాలను ‘నటరత్నాలు’గా రాశారు. ‘తెలుగువారి జానపద కళారూపాలు’లో తోలుబొమ్మలాట మొదలు గొల్లసుద్దుల దాకా, ఏ కళను ఎవరు ఎలా ఆడతారో ఓపికగా నమోదు చేశారు. వేషం కట్టినవాడు, గజ్జె చప్పుడు దగ్గర నుంచి విన్నవాడు రాసిన పుస్తకమది. పండితుల గ్రంథాల్లో ఆ పట్టు అరుదు.

2011 ఫిబ్రవరి 22న విజయవాడలో ఆయన కన్నుమూశారు. నా దృష్టిలో ఆ 400 సినిమాలకన్నా ఈ పుస్తకాలే పెద్ద పని. మీ ఊరి గ్రంథాలయంలో అవి లేకపోతే, తెప్పించమని అడగండి.