ఇంజిను కంప్యూటరుకు తాళం ఎందుకు?

పుదుచ్చేరి తీరాన కురుచికుప్పం వీధుల్లో తిరిగే పీవై-01 కారైనా, యానాంలోని పీవై-04 కారైనా, ఇంజినుకు ఏ క్షణాన ఎంత ఇంధనం అందాలో నిర్ణయించేది ఈసీయూ అనే చిన్న కంప్యూటరే. అందులోని పట్టికలను మార్చి శక్తిని పెంచడాన్ని రీమ్యాపింగ్ అంటారు. దీన్ని అడ్డుకునేందుకు తయారీదారులు డిజిటల్ సంతకాన్ని వాడుతున్నారు. ఆ సంతకం లేని ప్రోగ్రామును ఈసీయూ తిరస్కరిస్తుంది.

టర్బో పీడనం పెంచితే క్లచ్, గేర్‌బాక్సులపై భారం పెరుగుతుంది. అవి పాడైతే వారంటీ వివాదం తప్పదు. అంతకన్నా బరువైన కారణం కాలుష్య నియమం. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమలులోకి వచ్చిన బీఎస్-6తో డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి తగ్గింది. పట్టికలు మారితే ఆ లెక్క తప్పుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

అయితే తాళం వేసినవారిపైనా నిఘా అవసరమని 2015 సెప్టెంబరులో తేలింది. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగను అదుపులో ఉంచే ప్రోగ్రామును ఫోక్స్‌వ్యాగన్ సుమారు 1.1 కోట్ల కార్లలో దాచింది. విచిత్రమేమంటే, యజమానులకు ఈసీయూ తాళం తీసే వెసులుబాటు వద్దని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంతకు రెండు నెలల ముందే కాపీరైటు కార్యాలయానికి లేఖ రాసింది. మోసానికి తొలి ఆధారం దొరికింది ఈసీయూలో కాదు, వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రోడ్డుపై కొలిచిన పొగలో. ఆ అక్టోబరులోనే అమెరికా, సొంత వాహనం మరమ్మతుకు, చట్టబద్ధమైన మార్పులకు తాళం తీయడాన్ని కాపీరైటు నిషేధం నుంచి మినహాయించింది. కాలుష్య నియమాలకు మాత్రం మినహాయింపు ఇవ్వలేదు.